ఒకేలాంటి గిటార్లు రెండయ్యాయి: రెండోది ఉంచుకోనా, అమ్మేయనా?

సర్పవరం టీచర్

నమస్కారమండి. కాకినాడ నుంచి రాస్తున్నాను. గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బీఈడీ రోజుల్లో మా చర్చి కుర్రాళ్ళ దగ్గర గిటార్ నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధనలో, డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లలో, క్యారల్స్ రౌండ్లలో వాయిస్తాను. స్టేజీ మీద కచేరీలు చేసేదాన్ని కాదు గానీ, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక అరగంటైనా గిటార్ ఒళ్ళో పెట్టుకోకపోతే ఆ రోజు పూర్తయినట్టు ఉండదు నాకు.

2019లో డీఏ అరియర్స్ పడినప్పుడు యమహా ఎఫ్‌జీ 800 కొనుక్కున్నాను. అంతకుముందు వాయించినవన్నీ ఒకరివీ ఒకరివీ. ఇది నా సొంతం. సౌండ్‌హోల్ కింద పిక్ తగిలీ తగిలీ పాలిష్ లేచిపోయి, అర్ధరూపాయంత మచ్చ కూడా పడింది.

ఇక అసలు విషయం. మొన్న ఏప్రిల్ నెలాఖరున మా ఆడపడుచు కూతురి పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాం. పెళ్ళయిన మర్నాడు రాత్రికి గానీ మా రైలు లేదు. ఖాళీగా కూర్చుని ఫోన్ చూస్తుంటే సైనిక్‌పురిలో ఎఫ్‌జీ 830 సెకండ్ హ్యాండ్ అని కనపడింది. సరదాగా చూసొద్దాం అని మా వారిని ఆటోలో తీసుకెళ్ళాను. ఆయన కిందే ఉన్నారు, నేను పైకి వెళ్ళాను. వాళ్ళు కెనడా వెళ్ళిపోతున్నారట, ఫ్రిజ్, మంచాలు, సోఫా అన్నీ అమ్మేశారు. గిటార్ ఒక్కటే హాల్లో గోడకి ఆనించి ఉంది. ముందురోజే కొత్త స్ట్రింగ్స్ వేశానన్నాడా అబ్బాయి. జీ కార్డ్ పట్టుకుని పై నుంచి కిందికి ఒక్కసారి లాగాను. హాలు హాలంతా మోగిపోయింది. ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తున్నాను. 21,000 అన్నాడు, 19,000కి ఒప్పుకున్నాడు. అక్కడే నిలబడి డబ్బులు పంపేశాను. పైకెళ్ళి కిందికి రావడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

రాత్రి గౌతమిలో పై బెర్తు మీద గిటార్‌ని పడుకోబెట్టి, దాని పక్కన నేను కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. ఆ రాత్రంతా సంతోషమే.

ఇంటికొచ్చి రెండింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టి చూస్తే గుండె కాస్త జారింది. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే ఆకారం. టేపు పెట్టి కొలిచాను. మెడ కొసన తీగలు ఆనే నట్ నుంచి, అటు చివర బ్రిడ్జ్ మీద తీగలు ఆనే శాడిల్ దాకా రెండూ 650 మిల్లీమీటర్లే, నట్ దగ్గర వెడల్పు రెండింటికీ 43. పైచెక్క రెండింటికీ స్ప్రూస్. తేడా అల్లా వెనక చెక్కా, పక్కలూ. కొత్తదానికి ముదురు రంగు రోజ్‌వుడ్, సౌండ్‌హోల్ చుట్టూ ముత్యపు చిప్పలా మెరిసే రింగు. వాయిస్తే మాత్రం కొత్తది తియ్యగా, గలగలా పలుకుతోంది. పాతది దాని పక్కన గొంతు పట్టేసినట్టుంది. పైగా పాతదాని మీద ఎఫ్ కార్డ్ పట్టుకోవాలంటే, చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాలి కదా, ఆ వేలు నొప్పి పుడుతుంది. కొత్తదాని మీద వెన్నలా వస్తోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ 19,000 నా చీటీ డబ్బుల్లోంచి తీశాను. మా మేడ మీద స్లాబ్ కారుతోంది, వానలు పడేలోపు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని దాచిన డబ్బు అది. మా వారు ఒక్క మాట అనలేదు. "బాగుంది, వాయించు" అన్నారంతే. కానీ ఆ మర్నాడు పొద్దున్నే మేడ మీదకెళ్ళి చూస్తే, తాపీ పట్టుకుని పగుళ్ళలో తనే సిమెంటు కూరుకుంటున్నారు. అప్పటినుంచీ కొత్త గిటార్ తీయాలంటే చెయ్యి ఆడట్లేదు.

రెండూ ఉంచుకోవడానికి నాకు తోచిన కారణం ఒక్కటే ఉంది. మా చర్చిలో పాత కీర్తనలూ పాడతాం, ఇప్పటి కొత్త పాటలూ పాడతాం. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా. మోహన రాగం కీర్తనలకి నేను ఇంట్లో తీగలన్నీ డీ, ఏ, డీ, ఎఫ్ షార్ప్, ఏ, డీకి మార్చుకుని వాయిస్తాను. డీని షడ్జమం అనుకుంటే స ప స గ ప స అవుతుంది. ఏ తీగ తాకినా రాగం బయటికి పోదు, ఊరికే అలా మీటుతుంటే తంబూరా వెనకాల ఉన్నట్టుంటుంది. కానీ ఆరాధన మధ్యలో నాలుగు తీగలు మార్చి మళ్ళీ మామూలుకి తెచ్చుకునే టైమ్ ఉండదు. ఒక గిటార్‌ని ఎప్పుడూ ఆ శ్రుతిలోనే ఉంచుకుంటే ఎలా ఉంటుందంటారు? లేక ఇది నేను నాకు చెప్పుకుంటున్న సాకా? ఒకేలాంటివి రెండు పెట్టుకున్నవాళ్ళు, ఒకటి అమ్మేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక కుర్రాడు

అక్కా, ఉంచేసుకో. నా దగ్గర ఎఫ్ 310, ఎఫ్‌జీ 800 రెండూ ఉన్నాయి. మొన్న డిసెంబరు 23న క్యారల్స్‌కి వెళ్తే నాలుగో ఇంట్లోనే తీగ తెగింది. రాత్రి పదకొండు, మంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి. అప్పుడు కొత్త తీగ ఎవడు ఎక్కిస్తాడు? ఆటోలో రెండోది ఉంది కాబట్టి సరిపోయింది. నేను 2021లో డబ్బులకి ఇబ్బందై ఒక గిటార్ అమ్మేశాను. ఇప్పటికీ దాని ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి, తీసేయడానికి మనసు రాలేదు. అమ్మడం ఈజీ అక్కా, అదే గిటార్ మళ్ళీ దొరకదు.

ఫ్రెట్ పని, హైదరాబాద్

మేడమ్, నేను గిటార్లు రిపేర్ చేస్తాను, పదిహేనేళ్ళుగా ఇదే పని. మీరు రాసినదాంట్లో మూడు చోట్ల ఆగాను.

ఒకటి, కొత్త స్ట్రింగ్స్ ముందురోజే వేశాడన్నారు. మీ పాతదానికి తీగలు ఎప్పుడు మార్చారో రాయలేదు. కాకినాడ గాలిలో ఉప్పుంటుంది, ఏ కోటింగూ లేని తీగ రెండు నెలలకే నల్లబడిపోతుంది. లావు తీగల మీద చుట్టిన సన్న వైరు సందుల్లో చెమట, మట్టి చేరితే ముందు పోయేది ఆ గలగల మోతే. మీరు విన్న తేడా చెక్కదో తీగదో ఇప్పుడు మీకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు, సామాన్లన్నీ అమ్మేసిన ఇల్లు అన్నారు. ఖాళీ హాలు, కింద టైల్స్, కర్టెన్లు కూడా తీసేసి ఉంటారు. ఆ హాల్లో చప్పట్లు కొట్టినా మోగుతుంది మేడమ్. సోఫా, పరుపు, బట్టలు ఉన్న గదిలో అదే గిటార్ అంత మోగదు. అమ్మినవాళ్ళ తప్పేమీ లేదు, గది అలా కుదిరింది.

మూడోది ముఖ్యమైనది. పాతదాని మీద ఎఫ్ పట్టుకుంటే వేలు నొప్పి అన్నారు. మీది సముద్రం పక్క ఊరు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి హాయి. మీ ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పైచెక్క తేమ పీల్చుకుని బ్రిడ్జ్ వెనకాల ఉబ్బుతుంది, దాంతో బ్రిడ్జ్ లేస్తుంది, తీగలూ లేస్తాయి. మనం వేళ్ళల్లో బలం లేదనుకుంటాం.

ఇప్పుడు ఇలా చేయండి. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి, ఫ్రెట్ పైనుంచి లావుపాటి ఆరో తీగ అడుగు దాకా ఎంతుందో చూడండి. 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మంచిది, సన్నని ఒకటో తీగకి 2 చాలు. 3 దాటితే శాడిల్ తగ్గించాలి. కానీ శాడిల్ ముట్టుకునే ముందు నెక్, అంటే మెడ, చూడాలి. ఆరో తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నెక్ బాగున్నట్టే. అంతకన్నా ఎక్కువుంటే నెక్ లోపలుండే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పాలి, అది తెలిసినవాళ్ళ చేత చేయించండి, అదీ ఒకసారికి పావు చుట్టు మించకుండా.

అన్నీ సరిచేశాక రెండింటికీ ఒకే కంపెనీ, ఒకే సైజు తీగలు, 11-52 సెట్లు ఒకే రోజు వేయండి. అప్పుడు పోల్చుకోండి. అప్పటిదాకా దేన్నీ అమ్మొద్దు, దేన్నీ తిట్టొద్దు.

ఇంకొక్క మాట. 830 వెనక చెక్క, పక్కలు లామినేట్. రోజ్‌వుడ్ అనేది నిలువెల్లా ఒకే పలక కాదు, పొరలు అతికించింది. గిటార్‌లో ఎక్కువగా మాట్లాడేది పైచెక్క. అది మీ రెండింటికీ సాలిడ్ స్ప్రూసే, లోపలి బ్రేసింగ్ కమ్ములు చెక్కిన తీరూ ఒకటే. పై తమ్ముడు చెప్పిన ఎఫ్ 310 వేరే లెక్క. దాని పైచెక్కే లామినేట్, తీగ పొడవు కూడా 634. కాబట్టి అతని దగ్గరున్నవి నిజంగా రెండు రకాల గిటార్లు.

సర్పవరం టీచర్

మేస్త్రి గారూ, చాలా థ్యాంక్సండి. ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. పాతదాని ఆరో తీగ 3.4, ఒకటో తీగ 2.6. కొత్తదానికి 2.5, 1.9. నెక్ దగ్గర రెండింటికీ విజిటింగ్ కార్డు సరిగ్గా దూరింది. తీగలు చివరిసారి క్రిస్మస్ ముందు మార్చాను, అంటే అయిదు నెలలు. మూడో తీగ మీద గోరుతో గీస్తే గోరు నల్లగా అయింది. ఇన్నాళ్ళూ ఇది చూడకుండా గొంతు పట్టేసిందని దాన్నే అన్నందుకు బాధగా ఉంది.

శాడిల్ ఎంత తగ్గించాలో నేనే లెక్కేసుకున్నాను, సరిచూడండి. నట్ దగ్గర తీగ కదలదు. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకి సరిగ్గా సగంలో ఉంటుంది. సరూప త్రిభుజాలు కదా, పదో తరగతి పిల్లలకి చెప్పేదే. శాడిల్ దగ్గర 2 తగ్గిస్తే మధ్యలో 1 తగ్గుతుంది. నాకు మధ్యలో 0.9 తగ్గాలి కాబట్టి ఆరో తీగ వైపు శాడిల్‌ని 1.8 అరగదీయాలి, ఒకటో తీగ వైపు 1.2. సరేనా?

ఫ్రెట్ పని, హైదరాబాద్

లెక్క కరెక్ట్ మేడమ్. శాడిల్ కింది అంచే అరగదీయాలి, పై అంచు జోలికి పోవద్దు. పెన్సిల్‌తో గీత గీసుకుని, అద్దం మీద గరుకు కాగితం అంటించి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని రుద్దండి. గీతకి కొంచెం ముందే ఆగండి. తీసేసింది మళ్ళీ రాదు. చివరికి శాడిల్ బ్రిడ్జ్ పైన ఎంత మిగులుతుందో ముందే చూసుకోండి, 2 మిల్లీమీటర్లన్నా కనపడాలి.

డాలస్‌లో ఉంటాను

టీచర్ గారూ, మాది అమలాపురం. పదేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. మీ ప్రశ్న చదవగానే ఒక ప్రయోగం గుర్తొచ్చింది. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో అచ్చువేశారు. ఒకే చేతితో ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకేలాంటివి, వెనక చెక్క, పక్కలు మాత్రం వేరు వేరు చెక్కలు, ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి మామూలు చెక్కల దాకా. 52 మంది గిటారిస్టులకి వెల్డింగ్ వాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించమన్నారు. ఆరింటికీ దాదాపు ఒకేలాంటి మార్కులు వేశారు. ఏది ఏదో విడిగా గుర్తుపట్టడం కూడా వాళ్ళకి కష్టమైంది.

మీరూ ఇంట్లో చేసి చూడండి. మీరు కళ్ళు మూసుకోండి, ఇంకెవరైనా వాయించాలి. ఇరవై సార్లన్నా చేయాలి, వరుస ముందే చీటీలు తీసి రాసుకోవాలి. గుర్తుపట్టగలిగితే ఆ తేడా మీ చెవికి నిజమే, ఉంచుకోండి. గుర్తుపట్టలేకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

గాజువాక కుర్రాడు

అన్నా, చెవికి తేడా తెలియకపోయినా మనసుకి తెలుస్తుంది కదా. గౌతమిలో దాని పక్కన పడుకుని వచ్చిందంటే అక్కకి అది ఎంత నచ్చిందో చూడండి. అన్నీ కళ్ళకి గంతలు కట్టి తేల్చేవి కాదు.

వీణమ్మ, విజయనగరం

టీచరమ్మా, నాకు గిటార్ తెలియదు. వీణ చెప్తాను పిల్లలకి, నలభై ఏళ్ళుగా. మా అబ్బాయి ఇది చదివి వినిపిస్తే రాయకుండా ఉండలేకపోయాను, వాడి చేతే టైప్ చేయిస్తున్నాను.

మా ఇంట్లో రెండు వీణలున్నాయి. రెండూ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించినవే, పనస కర్ర, ఒకే దుంగలో తొలిచిన ఏకాండి. ఒకటి మా అత్తగారిది, ఒకటి నాది. మా అత్తగారు పోయాక ఆవిడ వీణని గుడ్డ కప్పి మూడేళ్ళు అలాగే ఉంచాను. ముట్టుకోవాలంటే ఏడుపొచ్చేది. ఒకరోజు ధైర్యం చేసి గుడ్డ తీస్తే, మెట్ల కింద మైనం పగిలిపోయి రెండు మెట్లు కదులుతున్నాయి, తీగలకి చిలుం పట్టింది. మేళం, అంటే మైనం మీద మెట్లు, మళ్ళీ కట్టించాల్సి వచ్చింది. ఇప్పుడు పిల్లలు నేర్చుకునేది ఆవిడ వీణ మీదే. రోజూ మోగుతోంది. వాయించే చెయ్యి ఉంటే ఇంట్లో రెండున్నా నాలుగున్నా పరవాలేదమ్మా. నీకు ఆ రెండో చెయ్యి ఎవరిదో చూసుకో.

ఇక మోహన సంగతి. నువ్వు నాలుగు తీగలు మారుస్తున్నానన్నావు. అన్నీ ఎందుకు? మా వీణకి వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అవి స ప స ప. పక్కన తాళం తీగలు మూడు: స ప స. గాంధారానికంటూ విడిగా తీగ లేదు. అయినా మోహన వాయించట్లేదా మేము? శ్రుతి నిలబెట్టడానికి షడ్జమం, పంచమం చాలు, గాంధారం వేలితో పలికించు. గిటార్ తీగల పేర్లు మా అబ్బాయిని అడిగాను. లావు తీగలు మూడూ ఈ, ఏ, డీ అట. ఆ మొదటి ఈ ఒక్కటి డీకి దింపితే డీ, ఏ, డీ అవుతుంది. అంటే స ప స. తీగ బిగించే మర ఒక్కటి తిప్పితే అయిపోయేదానికి ఇంకో గిటార్ ఎందుకమ్మా? మధ్య తీగ మధ్యమం పలుకుతుందట, మోహనలో మధ్యమం లేదు కాబట్టి దాన్ని ఖాళీగా మోగనివ్వకు, అంతే.

మీ ఆయన ఏమీ అనలేదన్నావు. అననివాళ్ళ దగ్గరికే మనం వెళ్ళి కూర్చుని అడగాలి.

సర్పవరం టీచర్

అందరికీ మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఏం చేశానో మొత్తం చెప్తాను.

మొదట శాడిల్. పాప జామెట్రీ బాక్స్‌లోంచి పెన్సిల్ తీసి గీత గీశాను. పాత ఫొటో ఫ్రేమ్ అద్దం మీద గరుకు కాగితం అంటించాను. రుద్దుతుంటే తెల్లటి పొడి టాల్కమ్ పౌడర్‌లా రాలింది. నాలుగు సార్లు పెట్టి, తీసి, కొలిచి, మళ్ళీ రుద్దాను. ఆరో తీగ 2.5కి వచ్చింది, ఒకటోది 2కి. మేస్త్రి గారూ, శాడిల్ పైన ఇంకా మూడున్నర మిల్లీమీటర్లు కనపడుతోంది. రెండింటికీ 11-52 తీగలు ఒకే సాయంత్రం వేశాను. అప్పుడు పాతదాన్ని తీసుకుని ఎఫ్ పట్టుకున్నాను. ఆరు తీగలూ పలికాయి, ఒక్కటీ గరగరమనలేదు. ఏడేళ్ళుగా నా చూపుడువేలిలోనే బలం లేదనుకుంటూ, ఎఫ్ ఉన్న పాటలకి కేపో (మెడ మీద తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుని తప్పించుకుంటూ వచ్చాను. అది 1.8 మిల్లీమీటర్ల శాడిల్ అని తెలిసేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత పరీక్ష. మా పాపకి జీ, సీ, డీ వచ్చు. నేను గోడ వైపు తిరిగి, చున్నీతో కళ్ళు కట్టుకుని కూర్చున్నాను. వరుస చీటీలు మా వారు తీశారు, పాత కేలండర్ కాగితం వెనక గీతలు గీస్తూ లెక్క రాశారు. ఇరవై సార్లలో 11 సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా పదొస్తాయి. మొదట అయిదూ వరసగా కరెక్ట్ చెప్పేసరికి నాకు తెలిసిపోతోంది అనుకున్నాను, తర్వాత అంతా కలిసిపోయింది. గాజువాక తమ్ముడూ, నువ్వన్నది కాదనను. మనసుకి తెలుస్తుంది. కానీ ఆ మోత రోజ్‌వుడ్‌ది అనుకునే కదా నేను డబ్బులిచ్చింది.

లెక్క రాసిన కాగితం ఆయన ఇంకా చేతిలో పట్టుకుని ఉండగానే స్లాబ్ సంగతి మా వారిని అడిగాను, వీణమ్మ గారు చెప్పినట్టు పక్కన కూర్చుని. "స్లాబ్ వచ్చే ఏడాది చూద్దాంలే, ఈ వానలకి టార్పాలిన్ వేస్తాను" అన్నారు. టార్పాలిన్ రేటు కూడా కనుక్కుని ఉంచారు. ఆ మాటతో నాకు తేలిపోయింది.

వీణమ్మ గారూ, పోయిన ఆదివారం మోహన కీర్తనకి ఆరో తీగ ఒక్కటే డీకి దింపాను. గిటార్ తలకి క్లిప్ ట్యూనర్ తగిలించుకున్నాను. ప్రార్థన జరుగుతుంటే, తీగని బొటనవేలితో చప్పుడు కాకుండా తాకుతూ దింపుకున్నాను. పావు నిమిషం కూడా పట్టలేదు. లావు తీగలు మూడూ స ప స అని మోగుతుంటే, మధ్య తీగని రెండో వేలి కొసతో ఆపి, పైన రాగం పలికించాను. ముందు బెంచీలో కూర్చునే మామ్మగారు ఒకరు ఆరాధనయ్యాక వచ్చి "ఇవాళ తంబూరా ఎవరు తెచ్చారమ్మా" అని అడిగారు. పాట అయ్యాక మళ్ళీ ఈకి ఎత్తుకున్నాను, అదీ అంతే తేలిక. మీరు ఎప్పుడైనా కాకినాడ వస్తే మా ఇంట్లో భోంచేయాలి.

రెండో చెయ్యి గురించి కూడా ఆలోచించాను. పాప నేర్చుకుంటుందేమో అని ఆశపడ్డాను. కానీ దానికి పన్నెండేళ్ళు, ఈ సైజు గిటార్ పట్టుకుంటే కుడిభుజం చెవి దాకా లేస్తోంది. ఇంకో మూడేళ్ళు గిటార్ కేస్‌లో ఉండాలి. ఆరు తీగలూ కలిసి 60 కిలోల పైన లాగుతుంటే, మా ఊరి తేమలో, ఎవరూ వాయించకుండా. అది నాకు నచ్చలేదు.

అందుకని 830ని అమ్ముతున్నాను. పాతదాన్ని అమ్మితే తొమ్మిది వేలు కూడా రావు, స్లాబ్‌కి సరిపోవు. ఆ లెక్క లేకపోయినా పాతదాన్నే ఉంచుకునేదాన్ని అనుకుంటున్నాను. ఆ మచ్చ దాకా నా చెయ్యే అరిగించింది. 18,500 అని పెట్టాను. రాజమండ్రి నుంచి ఒకాయన ఫోన్ చేశారు, డిగ్రీ చదివే వాళ్ళబ్బాయికట. "మీ ఇంట్లో ఇప్పటికే గిటార్ ఉందా అండీ? ఉంటే ముందు దానికి కొత్త తీగలు వేసి, యాక్షన్, అంటే తీగల ఎత్తు, కొలిపించి, అప్పుడు రండి" అని చెప్పాను. లేదట, రెండేళ్ళుగా స్నేహితుడి గిటార్ అడిగి తెచ్చుకుని వాయిస్తున్నాడట ఆ అబ్బాయి. అది విన్నాక నాకు కొంచెం హాయిగా ఉంది. మా హాల్లో కాదు, బట్టల అల్మారాలున్న చిన్న గదిలో వాయించి చూపిస్తానని కూడా చెప్పాను.

ఆదివారం ఆరాధనయ్యాక వస్తున్నారు. కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు రెండు, ఇంకో సెట్ తీగలు, పన్నెండో ఫ్రెట్ కొలతలు రాసిన కాగితం పెట్టి ఉంచాను. రాత్రి దాన్ని చాలాసేపు వాయించాను. బాధగానే ఉంది. స్లాబ్ మేస్త్రి సోమవారం వస్తానన్నాడు.